తప్పనిసరి గడి

కువైట్, షర్క్‌లో పదకొండో అంతస్తు.
పొద్దుట్నుంచీ దుమ్ము. కిటికీ అవతల సముద్రం ఉండాల్సిన చోట
గోధుమపిండి జల్లించినట్టుంది.
నా తెరమీద నలభై మూడు పేజీలు,
క్యాంపుల్లో ఉండేవాళ్ల నివాస పత్రాలకి.
అన్నీ నేను కట్టినవే.

ఒక గడి ఒక్కసారే రాస్తాను.
పేరు పెట్టి పక్కన ఉంచుతాను.
ఎక్కడ అవసరమైతే అక్కడ పిలుస్తాను:
తేదీ గడి, ఫోన్ గడి, బొటనవేలంత ఫోటో గడి.
పిలిస్తే వస్తాయి, ఇచ్చిన చోట ఒదుగుతాయి.
అరబీ నొక్కామా,
పేజీ మొత్తం అటుపక్కకి ఒత్తిగిలి పడుకుంటుంది.

బ్రౌజర్‌కి ఏమీ తెలీదు పాపం, అద్దం లాంటిది.
జ్ఞాపకమంతా నేలకింద, చల్లగదిలో, సర్వర్ దగ్గర.
ఎవరు ఏ పేజీ తెరిచారో,
ఏ గడిలో ఏ అక్షరం దగ్గర ఆగారో,
మనిషికో తలకిందుల చెట్టు కట్టి
పట్టుక్కూర్చుంటుంది.
ఇరవై నిమిషాలు వేలు కదలకపోతే
చెట్టు కొట్టేస్తుంది.
తిరిగొచ్చినవాణ్ణి
నువ్వెవరంటుంది.

ఆ ఇరవై అంకె నేనే వేశాను.
మెమరీ ఆదా అవుతుందని మీటింగులో మెచ్చుకున్నారు కూడా.

లింబాద్రి కరక్ చాయ్ పెట్టి
పోకుండా నిలబడ్డాడు.
"మ్యాడం, నాది గూడ గిండ్లనేనా?"
వచ్చే నెల నుంచి అందరిదీ ఇందులోనే, అన్నాను.
"అయితే ఒక్కపారి నేనే కొట్టి చూస్త."

కుర్చీ అంచున కూచున్నాడు, ఒక్క వేలితో.
పేరు: లింబాద్రి.
తండ్రి పేరు: పోశెట్టి.
తాత పేరు.
వేలు గాల్లో ఆగింది.
"తాతను నేను చూడలే మ్యాడం.
భీవండి మగ్గాలకు పొయ్యిండు, రాలే.
ఇంట్ల ఆయన పేరు తియ్యరు."
వదిలేసి కింది గడికి పోదామంటే
ఎర్ర చుక్క వదల్లేదు.
నేను పెట్టిన చుక్కే.
కుటుంబ నామం దగ్గరా అదే చుక్క.
ఇంటిపేరు లేదా అని అడిగాను.
"ఉన్నది. పాసుపోర్టు రాసిన ఏజెంటుకు తొందరుండె."

మెట్ల దగ్గరికెళ్లి కోరుట్లకి ఫోన్ చేశాడు,
బీడీలు చుట్టే మేనత్తకి.
ఆవిడకి గుర్తు రావడానికి టైం పట్టింది,
ఏడవడానికి ఇంకొంత.
మొహమంతా వెలుగుతో పరిగెత్తుకొచ్చి
మూడు అక్షరాలు కొట్టాడో లేదో,
మీ సమయం ముగిసింది.
మొదటి నుంచి ప్రారంభించండి.

తిడతాడనుకున్నాను.
పకపకా నవ్వాడు.
"గిది గూడ మా పాత అర్బాబు లెక్కనే ఉన్నది.
పొద్దుగాల సంగతి మాపటికి యాదుండది."
చల్లారిన కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మహబౌలా బస్సు రెండుసార్లు తప్పింది.
పేరు గడి తెరిచాను. ఒకే ఫైలు,
అందులో ఒకే మాట. అవును అని ఉన్నచోట కాదు అన్నాను.
నలభై మూడు పేజీల్లో
చుక్కలు ఒక్కసారి ఆరాయి.
తర్వాత అసలు పని: కొట్టిన ప్రతి అక్షరం
అప్పటికప్పుడే డేటాబేసులో పడేలా.
చెట్టు కొట్టేసినా కాయ మిగలాలి.
దానికి తెల్లారింది.

హుస్సామ్ వచ్చి కళ్లద్దాలు నుదుటికెక్కించి చూశాడు.
నాలుగు పేర్లూ ఉండాలని కదా ఒప్పందం, అన్నాడు.
లేనివాళ్లు ఏం రాయాలి, అన్నాను.
చుక్క పెడతారు, సున్నా పెడతారు, అందరూ అదే చేస్తారు, అన్నాడు,
అని తన మాట తనే విని
కాసేపు ఊరుకున్నాడు.
"సరే. మార్పుకి టికెట్ ఉందా?"

టికెట్‌లో 'కోరినవారు' అన్న గడి తప్పనిసరి.
లింబాద్రి అని రాశాను.

మధ్యాహ్నం చాయ్‌తో వచ్చినప్పుడు చూపించాను:
ఇప్పుడిది ఖాళీగా వదిలెయ్యొచ్చు,
ఏమీ అడ్డుపడదు.
చేతులు ప్యాంటుకి తుడుచుకుని కూచున్నాడు.
అక్షరం వెతుక్కుంటూ, ఆగుతూ,
తాత గడిలో
రాజలింగు అని కొట్టాడు.

అక్కర్లేదన్నాను కదా.

"ఎర్కైనంక ఎందుకిడిశిపెడ్త మ్యాడం."